ఆయుధం పట్టడం ఇష్టమేనా? ఒక పౌరసత్వ ప్రశ్న వెనక కథ

(రేడియో ప్రసంగ పాఠం)

నేను చరిత్రకారుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. సోమవారం పొద్దున్నే విమానం ఎక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరే బాపతు. మధ్యలో హోటల్ గదుల్లో రాత్రిళ్ళు ఏదో ఒకటి చదువుకోవడం అలవాటు. అలా చదివిన ఒక సంగతి ఇవాళ మీకు చెబుదామని వచ్చాను.

దీనికి మొదలు మా పిన్ని. మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. పిన్ని అక్కడ స్కూల్లో టీచరుగా చేసి రిటైరై ఇక్కడ కొడుకు దగ్గరికి వచ్చేసింది. పోయినేడు సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తూ ఆ ఫారం నింపే పని నాకప్పగించింది. ఎన్-400 ఫారం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, పన్నులు ఎగ్గొట్టారా అని వరసగా అడుగుతుంది. నేను చదువుతున్నాను, పిన్ని "నో" అంటోంది, నేను టిక్కు పెడుతున్నాను. చివర్లో ఒక ప్రశ్న వచ్చింది. చట్టం కోరితే అమెరికా తరఫున ఆయుధం పట్టడానికి మీకు ఇష్టమేనా?

"యెస్ కొట్టెయ్యనా పిన్నీ?" అన్నాను.

"ఆగరా. ఆయుధమంటే తుపాకీయేనా?"

"ఊరికే అడుగుతారు పిన్నీ. నీకు అరవై ఆరేళ్ళు. నిన్నెవరు యుద్ధానికి పిలుస్తారు?"

"పిలవనప్పుడు అడగడమెందుకు? చివర ప్రమాణం చెయ్యాలన్నావుగా. దేవుడి పేరుమీద చేసే ప్రమాణంలో ఊరికే అనే మాట ఉంటుందా?"

నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళ క్రితం నా ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న అడిగారు. (మా ఆవిడ ఇక్కడే పుట్టిన మనిషి కావడంతో నాకు గ్రీన్ కార్డు క్యూ తప్పింది.) ఒక్క సెకను కూడా ఆలోచించకుండా యెస్ అన్నాను. సాయంత్రం ఫ్లైటు టైమయిపోతోందని కంగారు. పిన్ని మాత్రం అక్కడ ఆగిపోయింది. "మా అన్న మిలిటరీలో పదిహేనేళ్ళు చేశాడు. వాడికోసం రోజూ మోకాళ్ళమీద ప్రార్థన చేశాను. సిపాయిలంటే నాకు చులకన లేదురా. కానీ ఒక మనిషిని చంపుతానని దేవుడి ముందు మాటివ్వడం నావల్ల కాదు" అంది.

ఫారం పక్కన పెట్టి, ఈ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటి చర్చి పులిపీఠాల దగ్గరకీ, సుప్రీంకోర్టుకీ, చివరికి మన భారతీయుల దగ్గరకీ తీసుకెళ్ళింది.

1914లో యూరప్‌లో యుద్ధం మొదలైనప్పుడు ముఖ్యమైన దేశాలు దాదాపు అన్నీ క్రైస్తవ దేశాలే. జర్మన్ సిపాయి బెల్టు బిళ్ళమీద "దేవుడు మనతో ఉన్నాడు" అని అచ్చు వేసి ఉండేది. అవతల ఇంగ్లండు చర్చిల్లో అదే దేవుడికి తమ గెలుపు కోసం ప్రార్థనలు. అమెరికా 1917 ఏప్రిల్ 6న యుద్ధంలోకి దిగింది. ఆ రోజు గుడ్ ఫ్రైడే. యేసు సిలువ మీద శత్రువులను క్షమించమని వేడుకున్న రోజు యుద్ధ ప్రకటన వెలువడిందన్నమాట.

అప్పటికి ఇక్కడి పాస్టర్లలో ఎక్కువమంది యుద్ధాన్ని ధర్మయుద్ధమని చెప్పడం మొదలుపెట్టారు. పులిపీఠం మీంచే యుద్ధ బాండ్లు కొనమన్నారు. హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ అనే పేరున్న బాప్టిస్టు బోధకుడు 1917లో యుద్ధాన్ని సమర్థిస్తూ పుస్తకం రాశారు. వీళ్ళంతా చెడ్డవాళ్ళు కారు. బెల్జియం మీద జర్మనీ చేసిన దాడి చూసి కడుపు మండినవాళ్ళు. అయితే దేశం చెప్పిందీ దేవుడు చెప్పిందీ ఒకటేనని అనుకోవడం మొదలయ్యాక, కాదన్న మనిషి దేశద్రోహీ దైవద్రోహీ కూడా అయిపోతాడు.

అలా అయిపోయినవాళ్ళు కొందరున్నారు. దక్షిణ డకోటాలో హట్టరైట్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది. ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి వంటశాల, వ్యవసాయం వాళ్ళ జీవితం. ఆయుధం ముట్టరు. 1918లో అక్కణ్ణించి హోఫర్ అన్నదమ్ములు ముగ్గుర్నీ, వాళ్ళ బావమరిది ఒకతన్నీ సైన్యంలోకి పిలిచి వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాంపు లూయిస్‌కి పంపారు. వాళ్ళు యూనిఫారం వేసుకోమన్నారు. కోర్టు మార్షల్ చేసి ఇరవయ్యేళ్ళ శిక్ష వేశారు. సంకెళ్ళతో అల్కట్రాజ్ తీసుకెళ్ళి చీకటి కొట్లలో పెట్టారు. యుద్ధం ముగిశాక కాన్సస్‌లోని లెవెన్‌వర్త్ జైలుకి మార్చారు. అక్కడే 1918 చివర్లో జోసెఫ్, మైకేల్ ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జోసెఫ్ భార్య శవాన్ని చూడటానికి వెళ్ళేసరికి, బతికుండగా ఏ యూనిఫారం వద్దన్నాడో అదే శవానికి తొడిగి ఉంచారు.

ఇక మన ప్రశ్నకి వద్దాం. రోజికా ష్విమ్మర్ అనే హంగేరీ దేశస్థురాలు 1920లలో అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకున్నారు. యూదు కుటుంబం, స్త్రీల ఓటుహక్కు కోసమూ శాంతి కోసమూ పనిచేసిన మనిషి. ఆయుధం పడతారా అన్న ప్రశ్నకి పట్టనని నిజం చెప్పారు. అప్పటికి ఆమెకి దాదాపు యాభై ఏళ్ళు. పైగా ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఎవరూ సైన్యంలోకి పిలవరు కూడా. అయినా 1929లో సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురు లెక్కన పౌరసత్వం ఇవ్వనక్కర్లేదంది. ఒప్పుకోనివాళ్ళలో జస్టిస్ హోమ్స్ ఒకరు. ఆయన సివిల్ వార్‌లో మూడుసార్లు గాయపడిన సైనికుడు, శాంతివాది ఎంతమాత్రం కాదు. మనకి నచ్చని ఆలోచనకి కూడా స్వేచ్ఛ ఉండాలనీ, యేసు కొండమీది ప్రసంగాన్ని మనకంటే ఎక్కువగా నమ్మేవాళ్ళని వెళ్ళగొట్టాలన్న కోరిక ఈ దేశానికి ఉందని తాననుకోలేదనీ ఆయన రాశారు.

రెండేళ్ళకి ఇంకొకాయన కేసు వచ్చింది. నన్ను బాగా పట్టుకున్నది ఈయన కథే. పేరు డగ్లస్ క్లైడ్ మాకింటాష్. కెనడాలో పుట్టిన బాప్టిస్టు పాస్టరు, యేల్ యూనివర్సిటీలో వేదాంతం చెప్పే ప్రొఫెసరు. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకి మిషనరీగా వచ్చి, 1878లో ఒంగోలు దగ్గర ఒక్కరోజులో రెండు వేల పైచిలుకు మందికి బాప్తిస్మమిప్పించిన జాన్ క్లవ్ గారిది కూడా ఈ బాప్టిస్టు సంప్రదాయమే. అందుకని నాకు ఆయన ఎవరో బంధువులా అనిపించారు.

మాకింటాష్ శాంతివాది కాదు, దీన్ని గుర్తుపెట్టుకోండి. మొదటి యుద్ధంలో కెనడా సైన్యంతో చాప్లెయిన్‌గా వెళ్ళి ఫ్రంటులో పనిచేశారు. తిరిగొచ్చి 1917లో మిత్రదేశాల పక్షాన ఉపన్యాసాలిచ్చారు. 1918లో మళ్ళీ ఫ్రాన్స్ వెళ్ళి, సెయింట్ మిహియెల్ దగ్గర అమెరికన్ సైనికుల వై.ఎం.సి.ఏ. శిబిరం నడిపారు. అలాంటి మనిషి ఆ ప్రశ్నకి ఏమన్నారంటే, పడతాను, కానీ ఆ యుద్ధం అవసరమైనదో కాదో తేల్చుకునే స్వేచ్ఛ నాకుండాలి అన్నారు. ఏ దేశ ప్రభుత్వానికైనా విధేయత దేవుని చిత్తం తర్వాతే, యుద్ధం న్యాయమైనదని నా మనస్సాక్షికి తోచకపోతే ముందుగా మాటివ్వలేను అన్నారు.

క్రైస్తవ చర్చిలో పదిహేను వందల ఏళ్ళుగా పెద్దలు చెబుతున్నది ఇదే. అగస్టీను కాలంనుంచి ఒక బోధ ఉంది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ దాన్ని మూడు షరతులుగా చెప్పారు. యుద్ధం ప్రకటించే అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, కారణం న్యాయమైనదవ్వాలి, ఉద్దేశం మంచిదవ్వాలి. అంటే యుద్ధం ఎప్పుడూ తప్పనీ కాదు, ఎప్పుడూ ఒప్పనీ కాదు. ప్రతి యుద్ధాన్నీ విడిగా తూచి చూడాలి. మాకింటాష్ కొత్తగా ఏమీ చెప్పలేదు. వేదాంత పాఠంలో విద్యార్థులకి చెప్పేదే జడ్జి ముందు చెప్పారు.

కింది కోర్టు కాదంది, అప్పీలు కోర్టు ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1924లో డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ డేవిస్ మాకింటాష్ తరఫున వాదించారు. 1931 మే 25న అయిదుగురికి నలుగురు తేడాతో ఆయన ఓడిపోయారు. తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. మనం క్రైస్తవ ప్రజలమే, కానీ బతికి బట్టకట్టాల్సిన బాధ్యత ఉన్న దేశం కూడా అన్నారాయన. ఈ దేశ చట్టాలకి, అందులో యుద్ధ చట్టాలకి కూడా, లోబడటం దేవుని చిత్తానికి విరుద్ధం కాదు అన్న నమ్మకం మీదే ప్రభుత్వం నడవాలని తేల్చారు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ప్రభుత్వం పన్ను కట్టమనొచ్చు, సైన్యంలో చేరమనొచ్చు. కానీ ఇక్కడ ఒక కోర్టు చెబుతున్నది అంతకంటే పెద్ద మాట. దేశం చేసే యుద్ధానికి దేవుడి ఒప్పుదల ఉన్నట్టే లెక్క అంటోంది. కైసరు నాణెం చేతిలో పట్టుకుని యేసు ఏది ఎవరికి చెల్లించాలో విడదీసి చెప్పారు కదా, ఆ రెంటినీ మళ్ళీ ఒకే సంచీలో వేసినట్టయింది. ముఖ్య న్యాయమూర్తి హ్యూస్ ఒప్పుకోలేదు. మనస్సాక్షి విషయంలో ప్రభుత్వంకంటే పై అధికారం ఒకటుందన్న నమ్మకం ఈ దేశంలో మొదట్నుంచీ ఉన్నదే అన్నారు. ఆయనతో హోమ్స్, బ్రాండైస్, స్టోన్ కలిశారు. అదే రోజు మేరీ బ్లాండ్ అనే కెనడా నర్సు కూడా ఓడిపోయారు. ఫ్రాన్స్‌లో తొమ్మిది నెలలు అమెరికన్ సైనికుల గాయాలకి కట్లు కట్టిన మనిషి, తుపాకీ పడతానని మాత్రం అనలేకపోయారు.

ఈ సదర్లాండ్ పేరు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. భగత్ సింగ్ థిండ్ కథ మీలో చాలామంది వినే ఉంటారు. పంజాబీ యువకుడు, 1918లో అమెరికా సైన్యంలో చేరి తలపాగాతోనే పనిచేశారు. హోఫర్ అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన అదే క్యాంపు లూయిస్‌లో. యూనిఫారం వద్దన్న వాళ్ళు జైలుకి పోయిన ఏడాదే ఈయన అదే యూనిఫారం వేసుకుని గౌరవంగా డిశ్చార్జి అయ్యారు. కానీ పౌరసత్వానికి వచ్చేసరికి 1923లో సుప్రీంకోర్టు ఈయన తెల్లవాడు కాదంది. ఆ తీర్పూ సదర్లాండ్‌దే. ఆయన కూడా ఇంగ్లండులో పుట్టి పసిపిల్లాడుగా ఇక్కడికి వచ్చినవారే. తుపాకీ పట్టిన భారతీయుడికి ఒంటిరంగు అడ్డమొచ్చింది, ప్రశ్న అడిగిన పాస్టరుకి మనస్సాక్షి అడ్డమొచ్చింది. థిండ్‌కి చివరికి 1936లో, మాజీ సైనికుల కోసం చేసిన చట్టం వల్ల పౌరసత్వం వచ్చింది.

కాలం మారింది. 1917లో యుద్ధాన్ని సమర్థించిన ఫాస్డిక్, 1933 నవంబర్‌లో న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో పేరు తెలియని సైనికుడి మీద ఒక ప్రసంగం చేసి, ఇకముందు ఏ యుద్ధాన్నీ సమర్థించనని చెప్పారు. కానీ అది హిట్లర్ అధికారంలోకి వచ్చిన సంవత్సరం. అవతలి వాదన కూడా మనం న్యాయంగా వినాలి. యేల్‌లో మాకింటాష్ దగ్గరే చదువుకున్న రైన్‌హోల్డ్ నీబూర్, 1940 నాటికి చర్చి శాంతివాదం పట్టుకుని కూచోకూడదని గట్టిగా వాదించారు. పొరుగువాణ్ణి చంపుతుంటే నా చేతులు శుభ్రంగా ఉన్నాయని చూసుకోవడం ప్రేమ కాదన్నది ఆయన వాదనలోని సారం. యూదులకి ఏమైందో తెలిసిన మనం ఆ మాటని కొట్టిపారెయ్యలేం.

ఆ యుద్ధం ముగిశాక 1946 ఏప్రిల్ 22న జేమ్స్ జిరువార్డ్ కేసు తీర్పు వచ్చింది. ఈయన కెనడానుంచి వచ్చిన సెవెంత్ డే అడ్వెంటిస్టు. తుపాకీ పట్టనుగానీ సైన్యంలో వేరే పని ఏదైనా చేస్తానన్నారు. ఈసారి కోర్టు, జస్టిస్ డగ్లస్ తీర్పుతో, పాత తీర్పులు తప్పంది. జస్టిస్ జాక్సన్ ఇందులో పాల్గొనలేదు, నూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద ప్రాసిక్యూటరుగా ఉన్నారు. పై అధికారి ఆజ్ఞ ప్రకారం చేశాం అన్న జవాబు చెల్లదని ఒకచోట వాదన జరుగుతుంటే, ఇక్కడ ఆజ్ఞకి ముందు మనస్సాక్షిని అడగొచ్చా అన్న విచారణ జరిగింది.

ఇంకొక సంగతి. 1931లో మాకింటాష్ పక్షాన నిలబడ్డ స్టోన్, 1946 నాటికి ముఖ్య న్యాయమూర్తి. 1918లో ఆయుధం వద్దన్నవాళ్ళ నిజాయితీని పరీక్షించిన ముగ్గురు సభ్యుల బోర్డులో కూడా ఆయన పనిచేశారు. అలాంటాయన ఈసారి అటువైపు రాశారు. పాత తీర్పు తప్పేనని తన అభిప్రాయమైనా, ఇన్నేళ్ళు కాంగ్రెస్ దాన్ని మార్చలేదు కాబట్టి మార్చాల్సింది కాంగ్రెస్సేగానీ కోర్టు కాదని వాదన. అది వినిపించిన రోజే బెంచి మీద కుప్పకూలి, ఆ సాయంత్రం చనిపోయారు.

సరిగ్గా అదే ఏడు జులై 2న లూస్-సెల్లర్ చట్టం వచ్చి భారతీయులకి పౌరసత్వం తలుపు తెరిచింది. అంటే మా పిన్ని ఆ ఫారం నింపగలగడమూ, ఆ ప్రశ్నకి నో అనగలగడమూ, రెండూ 1946 సంవత్సరం ఇచ్చినవే. ష్విమ్మర్, మాకింటాష్ ఇద్దరూ 1877లో పుట్టినవాళ్ళు, ఇద్దరూ 1948లో పోయారు. ష్విమ్మర్ ఏ దేశ పౌరురాలూ కాకుండానే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

1952 చట్టం ఈ ఏర్పాటుని స్థిరపరిచింది. మతవిశ్వాసం వల్ల ఆయుధం పట్టలేనివాళ్ళు ఆ వాక్యం వదిలేసి ప్రమాణం చెయ్యొచ్చు. ఆయుధం లేని సైనిక సేవో, దేశానికి అవసరమైన పౌర సేవో చేస్తానంటే చాలు.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకున్నాను, కాదు. వియత్నాం యుద్ధ కాలంలో లూయీ నెగ్రే అనే క్యాథలిక్ సైనికుడు కోర్టుకెక్కాడు. అన్ని యుద్ధాలూ తప్పని అనను, నా చర్చి నేర్పిన కొలతల ప్రకారం ఈ యుద్ధం అన్యాయం అన్నాడు. దాదాపు మాకింటాష్ మాటే. జిలెట్ అనే ఇంకొకతని కేసుతో కలిపి 1971 మార్చిలో సుప్రీంకోర్టు ఎనిమిది మందికి ఒకరు తేడాతో కుదరదంది. అన్ని యుద్ధాల్నీ వద్దనేవాళ్ళకే మినహాయింపు, ఏరుకుని వద్దనేవాళ్ళకి లేదు. ఒప్పుకోని ఆ ఒక్కరూ, జిరువార్డ్ తీర్పు రాసిన డగ్లసే. కోర్టు కారణాలు తేలిక కాదు. ప్రతి సైనికుడూ ప్రతి యుద్ధాన్నీ తానే తూచుకుంటానంటే ఎవరిది నిజాయితీ, ఎవరిది భయం అని ఏ బోర్డు తేలుస్తుంది? మాటకారికి మినహాయింపు దొరికి, మాటలు రానివాడు యుద్ధానికి పోతాడు కదా.

నాకు అర్థమైనది ఇది. ఎప్పుడూ వద్దనేవాడికి చట్టం చోటిచ్చింది. ఎప్పుడూ సరేననేవాడితో దానికి పేచీయే లేదు. ఈ యుద్ధం న్యాయమేనా అని అడిగేవాడికి మాత్రం చోటు దొరకలేదు. చర్చి తన పిల్లలకి నేర్పాల్సింది మాత్రం ఆ అడగడమే. చట్టం ఆ పని చెయ్యలేనప్పుడు చర్చే చెయ్యాలి, ఇంట్లో మనం చెయ్యాలి. యుద్ధం వచ్చిన ఆదివారం జెండా పట్టుకుని పాడటం సులువు. 1917లో అలా పాడిన చర్చిల్లో హోఫర్ల కోసం ఎంతమంది ప్రార్థన చేసుంటారు? ఇది ఒక్క అమెరికా మాటా కాదు, ఒక్క క్రైస్తవుల మాటా కాదు. మన దేశంలో యుద్ధ వార్తలొచ్చినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో మనం ఎలా మాట్లాడుకుంటామో మీకు తెలుసు. ఎందుకు అని అడిగినవాణ్ణి ఎటువైపని అడుగుతాం.

పిన్ని సంగతి చెప్పి ముగిస్తాను. మొదటి ప్రశ్నకి నో, తర్వాత రెంటికీ యెస్ అని రాయించింది. పాస్టరుగారి చేత ఒక ఉత్తరం కూడా రాయించుకుంది. ఇంటర్వ్యూలో ఆఫీసరు, గాయపడిన సైనికులకి సేవ చేస్తారా అని అడిగితే, "అందులో అడగడానికేముంది, చేస్తాను" అందట. ప్రమాణం రోజున నేను వెనక కుర్చీలో కూచున్నాను. అందరూ కుడిచెయ్యి ఎత్తి పెద్దగా చెబుతున్నారు. ఆయుధం వాక్యం దగ్గర పిన్ని నోరు మెదపలేదు. తర్వాత వాక్యం మళ్ళీ అందరితో కలిసి చెప్పింది.

నేనిచ్చిన యెస్ వెనక్కి తీసుకోను. నేను మాకింటాష్ తరహా మనిషిని. కొన్ని యుద్ధాలు తప్పవనే నమ్ముతాను. కానీ ఒక్క సెకనులో చెప్పినందుకు సిగ్గుపడుతున్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఇక్కడ డ్రాఫ్టు 1973లో ఆగిపోయినా, 1980 నుంచి మళ్ళీ పద్దెనిమిది నిండిన మగపిల్లల పేర్లు సెలెక్టివ్ సర్వీసులో నమోదవుతున్నాయి. ఇంకో తొమ్మిదేళ్ళకి వాడి పేరూ అందులో ఉంటుంది. అప్పుడు వాడు నా దగ్గరకి వచ్చి అడిగితే, ఏ జవాబు చెప్పమనాలో నాకింకా తెలీదు. ముందు వాళ్ళ చిన్నమ్మమ్మని అడిగి రమ్మంటాను.